స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గితే బండిలో ఏం మారుతుంది

బండికి పికప్ చాలడం లేదనో, హైవే మీద ఇంజిన్ మరీ అరుస్తోందనో మెకానిక్ దగ్గరికి వెళ్తే వినిపించే సలహాల్లో చవకైనది స్ప్రాకెట్, అంటే చైన్‌ను తిప్పే పళ్ల చక్రం, మార్చడం. ఇంజిన్ వైపు ఉండేది ముందుది, వెనక చక్రానికి ఉండేది వెనకది. ఎగ్జాస్ట్ మార్చాలంటే వేలల్లో ఖర్చు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయిస్తే ఇంకా ఎక్కువ. ముందు స్ప్రాకెట్ మాత్రం చాలా బళ్లకు కొన్ని వందల్లోనే దొరుకుతుంది, అరగంటలో బిగించేస్తారు. అందుకే దీని చుట్టూ నమ్మకాలు కూడా ఎక్కువే. ముందు ఒక పన్ను తగ్గిస్తే పికప్ పెరుగుతుంది, టాప్ స్పీడ్ తగ్గుతుంది, అదే పెంచితే మైలేజీ పెరుగుతుంది అని షెడ్డుల్లో సూత్రం చెప్పినట్టు చెబుతుంటారు. ఇందులో పికప్ ముక్క చాలావరకు నిజం. మిగతా రెండూ ఏ బండి, ఏ రోడ్డు అన్నదాన్ని బట్టి నిజమవుతాయి, ఒక్కోసారి తలకిందులవుతాయి.

ముందు లెక్క చూద్దాం. ఇంజిన్ క్రాంక్ వేగం వెనక చక్రానికి చేరేలోపు మూడు చోట్ల తగ్గుతుంది. క్లచ్ దగ్గర ప్రైమరీ గేర్లలో ఒకసారి, గేర్‌బాక్స్‌లో మనం వేసిన గేరును బట్టి రెండోసారి, చివరికి చైన్ దగ్గర మూడోసారి. ఈ చివరి రేషియో అంటే వెనక స్ప్రాకెట్ పళ్లను ముందు స్ప్రాకెట్ పళ్లతో భాగిస్తే వచ్చే అంకె. ముందు 15, వెనక 45 ఉంటే 3. ఈ అంకె పెరిగితే ఒకే స్పీడుకు ఇంజిన్ ఎక్కువ తిరగాలి, కానీ చక్రం మీద పడే లాగుడు బలం పెరుగుతుంది. తగ్గితే దీనికి రివర్సు. చైన్ దగ్గర చేసిన మార్పు అన్ని గేర్లకూ ఒకే శాతంలో వర్తిస్తుంది. సెకండ్‌కూ థర్డ్‌కూ మధ్య ఉన్న ఎడం మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, దీనితో మళ్లీ పని పడుతుంది.

అంకెల్లో చూడటానికి కేటీఎం 390 డ్యూక్, 373 సీసీ ఇంజిన్ ఉన్న మోడల్, బాగా పనికొస్తుంది. ప్రైమరీ గేర్లు 30, 80 పళ్లు. ఆరో గేరులో 25, 21. కంపెనీ ఇచ్చే స్ప్రాకెట్లు ముందు 15, వెనక 45. మొత్తం కలిపితే టాప్ గేరులో చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ 6.72 చుట్లు తిరగాలి. వెనక టైరు 150/60-17, చుట్టుకొలత దాదాపు 1.92 మీటర్లు. కాబట్టి గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ సుమారు 5,830 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతుంది. ముందు 14 పళ్లది వేస్తే అదే స్పీడుకు 6,240, 16 పళ్లది వేస్తే 5,460. అంటే ఒక్క పన్ను తేడాతో 100 దగ్గర దాదాపు 400 ఆర్‌పీఎం అటో ఇటో జరుగుతుంది.

అదే పని వెనక స్ప్రాకెట్‌తో చేయాలంటే 45ని 48 చేయాలి. 45ని 14తో భాగిస్తే 3.21, 48ని 15తో భాగిస్తే 3.2. ముందు ఒక పన్ను తగ్గించడమూ, వెనక మూడు పెంచడమూ దాదాపు ఒకటే. ముందు మార్చడం చవక, కానీ అడుగు పెద్దది. సన్నగా సర్దుకోవాలంటే వెనక స్ప్రాకెట్టే మార్చాలి. వెనక ఒక పన్నుకు మారేది 2.2 శాతమే. సీట్లో కూర్చున్నవాడికి అది తెలియడం కష్టం.

ఈ డ్యూక్‌కు ముందు 14 వేయించుకునేవాళ్లలో చాలామంది అడిగేది స్పీడు కాదు, ట్రాఫిక్‌లో ప్రశాంతత. ఫస్ట్ గేరులో 3,000 ఆర్‌పీఎం దగ్గర ఈ బండి గంటకు 16 కిలోమీటర్లు పోతుంది. అంతకంటే నెమ్మదిగా పోవాలంటే సింగిల్ సిలిండర్ ఇంజిన్ కుదుపులు మొదలవుతాయి, చైన్ టపటపా కొట్టుకుంటుంది, క్లచ్ సగం పట్టుకుని నెట్టుకురావాలి. అమీర్‌పేట సాయంత్రం ట్రాఫిక్‌లో బళ్లు కదిలేది సరిగ్గా ఆ స్పీడులోనే. 14 పళ్లతో అదే 3,000 దగ్గర స్పీడు 15కు దిగుతుంది. ఒక్క కిలోమీటరు తేడా అంటే నవ్వులాటగా అనిపించవచ్చు గానీ, రోజుకు గంటసేపు క్లచ్ లీవర్ నొక్కే ఎడమచేతికి దాని విలువ తెలుస్తుంది.

ఇక పికప్ సంగతి. రేషియో 7 శాతం పెరిగితే ఒకే గేరులో, ఒకే ఆర్‌పీఎం దగ్గర చక్రం లాగే బలం 7 శాతం పెరుగుతుంది. టాప్ గేరులో 60 నుంచి 90కి ఎక్సలరేటర్ తిప్పితే తేడా కచ్చితంగా తెలుస్తుంది. కానీ ఇంజిన్ పవర్ ఒక్క పీఎస్ కూడా పెరగలేదు. గేరు తగ్గించి అదే 60 నుంచి లాగితే పాత సెటప్‌లో కూడా ఆ బలం ఉండనే ఉంది, గేరు మార్చే బద్ధకం మాత్రమే అడ్డం. స్ప్రాకెట్ మార్పిడిలో జనం మెచ్చుకునే పికప్‌లో సగం ఈ బద్ధకానికి దొరికిన ఊరట. అసలైన లాభం ఫస్ట్ గేరులో ఉంది. దానికంటే కిందికి దిగడానికి వేరే గేరు లేదు కాబట్టి, నిలబడిన చోటు నుంచి బండి కదిలేటప్పుడు వచ్చే అదనపు బలం నిజంగా కొత్తదే. డబుల్స్‌తో ఎత్తు మీద ఆగిన బండిని కదిలించాల్సినప్పుడు ఇది పనికొస్తుంది.

సున్నా నుంచి 100 ఎన్ని సెకన్లు అనే పందెంలో మాత్రం ఇదే మార్పు ఎదురు తిరగవచ్చు. డ్యూక్ థర్డ్ గేరు పళ్లు 19, 27. కంపెనీ స్ప్రాకెట్లతో థర్డ్‌లో 10,000 ఆర్‌పీఎం వరకు తిప్పితే స్పీడు కాగితం మీద 101 వస్తుంది. 100 దాటడానికి అంతే చాలు. ముందు 14 వేస్తే అదే 10,000 దగ్గర 95 దగ్గరే ఆగిపోతుంది, 100 చేరాలంటే ఫోర్త్ వేయక తప్పదు. ఆ ఒక్క గేరు మార్పుకు పోయే టైము, అంతదాకా సంపాదించిన లాభంలో మంచి వాటా తినేస్తుంది. సీటు మీద కూర్చుంటే బండి గొప్పగా లాగుతున్నట్టే ఉంటుంది, టైమింగ్ యాప్ మాత్రం ఒప్పుకోదు.

ఘాట్ రోడ్డు మీద ఇంకో చిక్కు బయటపడుతుంది. నాలుగు గేర్ల 100 సీసీ బండి మీద ఇద్దరు తిరుమల ఎక్కుతున్నారనుకోండి. సెకండ్‌లో ఇంజిన్ గోల పెడుతుంది, థర్డ్ వేయగానే ఊపిరాడనట్టు స్పీడు పడిపోతుంది. మళ్లీ సెకండ్. కొండ పైదాకా ఇదే తంతు. అసలు సమస్య ఆ రెండు గేర్ల మధ్య ఉన్న ఎడం, దాన్ని స్ప్రాకెట్ పూడ్చలేదు. మొత్తం మెట్లనన్నింటినీ కలిపి కాస్త కిందికి జరపగలదు, అంతే. థర్డ్ కొద్దిలో ఓడిపోతోందంటే ఒక పన్ను తగ్గిస్తే లాగుతుంది. బాగా ఓడిపోతోందంటే స్ప్రాకెట్ మార్చినా అదే గోల. పైగా రేపు పలమనేరు వైపు ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో పోతున్నప్పుడు ఇంజిన్ అదనంగా తిరుగుతూనే ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు మాత్రం కాస్త మేలు. అదే గేరులో ఇంజిన్ బ్రేకింగ్ పెరుగుతుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. గేర్లే లేని టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 లాంటి బండికైతే ఈ చివరి రేషియోనే సర్వస్వం. ఉన్నది ఒక్కటే మెట్టు, దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న.

టాప్ స్పీడ్ దగ్గర జనం లెక్క ఎక్కువగా తప్పేది పన్ను పెంచేటప్పుడు. 2017 నుంచి వచ్చిన 373 సీసీ డ్యూక్‌లో గరిష్ఠ పవర్ 43.5 పీఎస్ వచ్చేది 9,000 ఆర్‌పీఎం దగ్గర. కంపెనీ స్ప్రాకెట్లతో ఆరో గేరులో 9,000 అంటే 154 కిలోమీటర్లు. 16 వేస్తే 9,000 దగ్గర 165 అవుతుంది. కాగితం మీద 10 కిలోమీటర్లు లాభం. కానీ గాలి ఎదురు తోపుడును జయించడానికి కావాల్సిన పవర్ స్పీడు ఘనంతో పెరుగుతుంది. స్పీడు 6.7 శాతం పెరగాలంటే పవర్ 21 శాతం ఎక్కువ కావాలి. ఇంజిన్‌లో అది లేదు. కాబట్టి బండి ఆరో గేరులో 9,000 చేరదు, పవర్ తక్కువగా ఉండే ఆర్‌పీఎం దగ్గరే ఆయాసపడుతూ ఆగిపోతుంది. ఐదో గేరుకు దిగుదామా అంటే, 16 పళ్లతో ఐదో గేరు మొత్తం రేషియో 7.17. 14 పళ్లతో ఆరో గేరుది 7.2. అంటే పన్ను పెంచి ఐదో గేరులో పోవడం, పన్ను తగ్గించి ఆరో గేరులో పోవడం రెండూ ఒకటే.

కొన్ని బళ్లకు పన్ను తగ్గిస్తే టాప్ స్పీడ్ పెరగడానికి కారణం కూడా ఇదే. టాప్ గేరును మైలేజీ కోసం మరీ పొడుగ్గా, అంటే రేషియో అంకె బాగా తక్కువగా, పెట్టిన బండిలో ఇంజిన్ దాని పవర్ శిఖరం దాకా ఎప్పుడూ చేరదు. రేషియో కాస్త పెంచితే ఆ శిఖరానికి చేరుతుంది. ఎదురుగాలిలో, ఎత్తు మీద, వెనక ఒక మనిషిని ఎక్కించుకున్నప్పుడు ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

అలాంటప్పుడు కంపెనీలు అంత పొడుగు గేరింగ్ ఎందుకు పెడతాయి? ఒకటి మైలేజీ అంకె, రెండోది శబ్దం పరీక్ష. బండిని నిర్ణీత స్పీడులో మైక్ పక్కగా పోనిచ్చి, ఎక్సలరేటర్ పూర్తిగా తెరిచినప్పుడు వచ్చే శబ్దాన్ని కొలుస్తారు. ఆ స్పీడులో ఇంజిన్ ఎంత తక్కువ తిరిగితే అంత నిశ్శబ్దం. ఇంజిన్ మారితే కంపెనీలే స్ప్రాకెట్‌ను మార్చేస్తాయి. కవాసాకి నింజా 250ఆర్‌కు ముందు 14, వెనక 45. అదే 300 సీసీ అయినప్పుడు వెనక 42కు దిగింది. ఇంజిన్‌లో బలం పెరిగింది కాబట్టి పొడుగు గేరింగ్ లాగగలదు. దీనికి రివర్సులో అదే కంపెనీ 1000 సీసీ బండి 2021 జెడ్‌ఎక్స్-10ఆర్‌కు వెనక 39 నుంచి 41కి పెంచారు. ఇలాంటి లీటర్ (1000 సీసీ) బైకులకు ఫస్ట్ గేరులోనే 140 దాటే సత్తా ఉంటుంది. ఊళ్లో వాటి ఆరో గేరు అలంకారం.

రేసుల్లో ఇది ప్రతి వారం జరిగే మామూలు పని. గేర్‌బాక్స్ విప్పడానికి ఒప్పుకోని స్టాక్ క్లాసుల్లో గేరింగ్ సర్దుకోవడానికి మిగిలే దారి స్ప్రాకెట్ ఒక్కటే. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే చిన్నది, మలుపుల మయం. 2023లో మోటోజీపీ జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో ఒక స్ట్రెయిట్ కిలోమీటరు దాటుతుంది. కరికి బిగించిన వెనక స్ప్రాకెట్‌తో బుద్ధ్‌కు వెళ్తే స్ట్రెయిట్ సగంలోనే రెవ్ లిమిటర్ (ఇంజిన్ ఇంతకు మించి తిరగకుండా పెట్టిన హద్దు) కొడుతుంది. రేసువాళ్లు చూసేది టాప్ స్పీడ్ మాత్రమే కాదు. ముఖ్యమైన మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇంజిన్ మంచి లాగుడులో ఉందా, మలుపు మధ్యలో గేరు మార్చాల్సి వస్తోందా అన్నదాన్ని బట్టి పళ్లు తేల్చుకుంటారు. ఇంటి బండికి కూడా ఇదే సరైన పద్ధతి. రోజూ ఏ స్పీడులో ఎక్కువసేపు ఉంటామో ఆ స్పీడులో ఇంజిన్ సుఖంగా ఉందా?

మైలేజీకి వస్తే, స్థిరమైన స్పీడులో పొడుగు గేరింగ్ పెట్రోలు ఆదా చేస్తుందన్నది నిజమే. ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, లోపలి రాపిడి తగ్గుతుంది. కానీ మన రోడ్ల మీద స్థిరమైన స్పీడు ఎంతసేపు దొరుకుతుంది? కేంద్రం 2018లో పెట్టిన పరిమితి ప్రకారం టూవీలర్లకు నాలుగు లేన్ల హైవేల మీద కూడా 80కి మించకూడదు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీదికైతే వాటిని అసలు ఎక్కనివ్వరు. 80 దగ్గర డ్యూక్‌కు 16 పళ్లు వేస్తే మిగిలేది 290 ఆర్‌పీఎం. ఊళ్లోకి వచ్చాక ఇంజిన్ కొట్టుకోకుండా ఉండటానికి ప్రతిచోటా ఒక గేరు కింద నడపాల్సి వస్తుంది కాబట్టి ఆ ఆదా కూడా పోతుంది. పన్ను పెంచినవాళ్లు చాలామంది ఆశించిన మైలేజీ చూడకపోవడం వెనక ఉన్నది ఇదే.

మైలేజీ లెక్కలో ఇంకో మోసం మీటర్ది. స్పీడు సెన్సర్ ముందు చక్రం దగ్గర ఉంటే స్ప్రాకెట్ మారినా మీటరుకు సంబంధం లేదు. కొన్ని బళ్లలో సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరే, అంటే చైన్ కంటే ముందే ఉంటుంది. అలాంటి బండికి ముందు 15 తీసి 14 వేస్తే మీటర్ 7 శాతం ఎక్కువ చూపిస్తుంది. అసలు స్పీడు 75 అయితే 80 అంటుంది. కిలోమీటర్లు కూడా అలాగే ఎక్కువ లెక్కేస్తుంది. ఫలితం: బండి త్వరగా 80 అందుకుంటోంది, మైలేజీ కూడా తగ్గలేదు, మెకానిక్ చెయ్యి బంగారం! నిజానికి ఆ సంబరంలో కొంత భాగం మీటర్ తప్పు. పన్ను పెంచితే దీనికి రివర్సు. మీటర్ తక్కువ చూపిస్తుంది, కాబట్టి 80లోనే ఉన్నామనుకుని స్పీడ్ గన్‌కు దొరికిపోయే అవకాశం ఉంది. మైలేజీ కూడా ఉన్నదాని కంటే తక్కువగా కనిపిస్తుంది. ఆర్‌పీఎంనూ స్పీడునూ పోల్చి గేరు నంబర్ చూపించే బళ్లలో ఆ అంకె కూడా తికమకపడవచ్చు. మార్పు తర్వాత ఫోన్‌లో జీపీఎస్ స్పీడు ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇదంతా తేలిపోతుంది.

చైన్ వైపు నుంచి చూస్తే ముందు స్ప్రాకెట్‌ను చిన్నది చేయడం ఉచితం కాదు. చైన్ చిన్న చక్రం చుట్టూ తిరుగుతున్నప్పుడు గుండ్రంగా తిరగదు, పళ్లు ఎన్ని ఉంటే అన్ని మూలలున్న ఆకారంలో తిరుగుతుంది. ఫలితంగా ప్రతి పన్ను దాటేటప్పుడు చైన్ వేగం కొద్దిగా ఎగుడుదిగుడవుతుంది. 17 పళ్లకు అది 1.7 శాతం, 15కు 2.2, 14కు 2.5, 13కు 2.9. ప్రతి లింకూ ఎక్కువ కోణంలో మడవాలి కాబట్టి అరుగుదల కూడా పెరుగుతుంది. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ మీదుండే రబ్బరు స్లైడర్‌కు చైన్ ఇంకా దగ్గరగా రాసుకుంటుంది. కొన్ని బళ్లలో స్లైడర్ పూర్తిగా అరిగిపోయి చైన్ స్వింగార్మ్‌నే కోస్తుంది. అందుకే 14కు దిగినా 13 జోలికి వెళ్లకపోవడం మంచిది. అంత ఎక్కువ రేషియో కావాలంటే వెనక పెంచడమే నయం.

ఇంకో చిన్న విషయం, సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. చైన్‌లో లింకులు ఎప్పుడూ సరి సంఖ్యలో ఉంటాయి, లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి. ముందు స్ప్రాకెట్ పళ్లు బేసి సంఖ్యలో ఉంటే ప్రతి పన్నుకూ ఒకసారి లోపలిది, ఒకసారి బయటిది తగులుతుంది. సరి సంఖ్యలో ఉంటే ఒక పన్నుకు ఎప్పుడూ ఒకే రకం లింకు తగిలి అరుగుదల సమంగా ఉండదు. 14 వాడకూడదని దీని అర్థం కాదు, నింజాకు కంపెనీ ఇచ్చేది 14నే. చైన్, స్ప్రాకెట్ల కిట్ ఆయుష్షు లెక్కలో ఇదీ ఒక ముక్క, అంతే.

బిగించేటప్పుడు చక్రం జరిగే దూరం కూడా చూసుకోవాలి. 520 సైజు చైన్ పిచ్, అంటే ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం, 15.875 మిల్లీమీటర్లు. స్ప్రాకెట్లలో ఒక పన్ను మారితే వెనక యాక్సిల్ దాదాపు 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. ముందు ఒకటి తగ్గిస్తే యాక్సిల్ అంత వెనక్కి పోవాలి, వెనక మూడు పెంచితే 12 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. అడ్జస్టర్‌లో ముందుకు అంత చోటు లేకపోతే రెండు లింకులు కలిపిన కొత్త చైన్ కొనాలి. పాత చైన్ సాగిపోయి ఉంటే దాని మీద కొత్త స్ప్రాకెట్ వేయడం డబ్బులు పారేసుకోవడమే. పిచ్ పెరిగిన చైన్ కొత్త పళ్లను కొద్ది నెలల్లోనే కొక్కేల్లా వంచేస్తుంది. కిట్ మార్చే సమయం దగ్గరపడినప్పుడే ఈ ప్రయోగం చేసుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

అరగంట పని అన్న మాట అన్ని బళ్లకూ వర్తించదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు ముందు స్ప్రాకెట్ క్లచ్ వెనక దాక్కుని ఉంటుంది. ప్రైమరీ కేస్‌లో ఆయిల్ దించాలి, కవర్ తీయాలి, క్లచ్ విప్పాలి, అప్పటికి గానీ అది కనిపించదు. వెనక మారుద్దామంటే అక్కడ స్ప్రాకెట్, బ్రేక్ డ్రమ్ కలిపి ఒకే పోత. అందుకే హైవే కోసం పన్ను పెంచుకోవాలనుకునే బుల్లెట్‌వాళ్లు దాన్ని క్లచ్ ప్లేట్లు మార్చే రోజుకు వాయిదా వేస్తారు, ఒకే కూలీలో రెండు పనులూ అయిపోతాయి కాబట్టి.

వారంటీ ఉన్న బండికి సర్వీస్ సెంటర్‌లో ముందే ఒక మాట అడగాలి. గేర్‌బాక్స్ గొడవ ఏదైనా వస్తే మార్చిన స్ప్రాకెట్‌నే వాళ్లు ముందు చూపిస్తారు. తీసిన స్ప్రాకెట్‌ను షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవాలి. నెలరోజులు నడిపాక నచ్చకపోతే మళ్లీ బిగించుకోవడానికి అదే కావాలి.